జమున మేడం క్లాసులో బొగ్గు పడదు

పదకొండు గంటల బెల్లు మోగగానే సదానందం తట్ట, చెమ్మసు తీసుకుని ఆర్ట్స్ బ్లాకు మెట్లెక్కుతాడు. చెమ్మసంటే బాయిలో, అంటే గనిలో, బొగ్గు ఎత్తే పార. గది గదికీ వెళ్ళి, బెంచీల కింద పడిన బొగ్గును ఊడ్చి, ఎత్తి, కారిడారు చివర కాటా మీద తూకం వేసి, వెనకవైపు కుప్పలో పోస్తాడు. లంచ్ బెల్లుకు సైన్సు బ్లాకు, సాయంత్రం కామర్సు. అది అతని డ్యూటీ.

గోదావరిఖని శివార్లలో ఆ విశ్వవిద్యాలయం కట్టినప్పటి నుంచీ అంతే. లెక్చరరైనా మరొకరైనా, ముందు నిలబడి చెప్పిన మాటను గదిలో ఒక్కరు విన్నా చాలు, ఆ మాట నిలుస్తుంది. ఒక్కరూ వినకపోతే నల్లగా గట్టిపడి, పెళ్ళగా కింద రాలుతుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజు కాళ్ళు పైకెత్తి కూర్చుంటారు. రెండో వారానికి, చెప్పులు నల్లబడకుండా ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకూ అలవాటైపోతుంది. చేతుల్లోకి ఫోన్లు వచ్చాక ఉత్పత్తి మూడింతలైందని సదానందం అంచనా. అందులోనూ రకాలున్నాయి. చరిత్ర బొగ్గు నిదానంగా, చాలాసేపు కాలుతుంది. ఆర్థికశాస్త్రం బొగ్గుకు పొగ ఎక్కువ, వేడి తక్కువ. పాలనాశాస్త్రం బొగ్గు చూడటానికి గుట్టంత ఉంటుంది, కాలిస్తే సగానికి సగం బూడిద.

ఆ కుప్పకు విలువ తెచ్చినవాడు కామేశ్వరరావు.

కామేశ్వరరావు తండ్రి కాకినాడ వైపు నుంచి గనుల్లో సర్వేయరుగా వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. కొడుకు బొగ్గు కంపెనీలోనే ఇంజనీరుగా చేరి జనరల్ మేనేజరుగా రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చోవడం చేతకాక విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంక్షేమ డైరెక్టరుగా చేరాడు. మంచివాడు. చేరిన తొలి చలికాలంలోనే ఒక పొద్దున హాస్టలుకు వెళ్ళి, చన్నీళ్ళ స్నానం చేస్తున్న పిల్లల పళ్ళు టకటకలాడటం విని నిలువునా కదిలిపోయాడు. బయటికి వచ్చేసరికి ఎదురుగా ఆర్ట్స్ బ్లాకు వెనకున్న కుప్ప కనిపించింది.

"ఇంత బొగ్గు పెట్టుకుని పిల్లల్ని చన్నీళ్ళకి వదిలేశారా! దీనికి బాధ్యులెవరండీ?" అని గద్దించాడు.

"అందరు సార్లు బాధ్యులే సార్," అన్నాడు సదానందం. "ఎవలెవల కాడ ఎంతెంత పడ్డదో చెప్పుమంటే చెప్త."

నెల తిరక్కుండా బాయిలరు వచ్చింది. పొద్దునా సాయంత్రమూ వేణ్ణీళ్ళు. మెస్సులో వంటమనిషి సారలమ్మ చేతిమీదుగా వేడి వేడి రొట్టెలు. పిల్లల బుగ్గల్లోకి రంగు వచ్చింది. రాష్ట్రంలో విద్యార్థి సంక్షేమం ఎక్కడ బాగుందో చూడటానికి వచ్చిన బృందం ఆ నీళ్ళలో వేలు పెట్టి చూసి, చుర్రుమంటే చప్పున తీసి, మొదటి ర్యాంకు ఇచ్చి వెళ్ళింది.

కానీ బాయి మీద బతికిన మనిషి బోర్డు లేకుండా ఉండలేడు. కామేశ్వరరావు పరిపాలనా భవనం ముందర పెద్ద బోర్డు పెట్టించాడు. లెక్చరర్ పేరు, నెల లక్ష్యం, సాధించినది, శాతం. లక్ష్యం దాటినవాళ్ళకు నెలనెలా శాలువా. పాలనాశాస్త్రం ప్రొఫెసర్ విష్ణువర్ధన్ ఎప్పుడూ నూట అరవై శాతానికి తగ్గలేదు. ఏనాడో రాసుకున్న నోట్సు కళ్ళు మూసుకుని చదవడం ఆయన పద్ధతి. కుర్ర లెక్చరర్లు ఆయన క్లాసుకు వెళ్ళి నేర్చుకునేవాళ్ళు. "గొంతు లేవకూడదు, పడకూడదు. నున్నగా పోవాలి, రైలు పట్టాలాగ," అని ఆయన వాళ్ళకు చెప్పేవాడు.

ఆ ఏడాది ఉత్తీర్ణత అరవై ఎనిమిది శాతం నుంచి నలభై ఒకటికి జారింది. అయితే అది పరీక్షల విభాగం ఫైలు, ఇది సంక్షేమ విభాగం ఫైలు. రెండూ వేర్వేరు అంతస్తుల్లో ఉండేవి. మెట్ల మీద ఒకదానికొకటి ఎదురుపడే అవకాశం లేకపోయింది.

ఆ బోర్డు మీద ఒక్క వరుసలో మాత్రం నెల నెలా ఒకటే అంకె. జమున, స్టాటిస్టిక్స్, కాంట్రాక్టు లెక్చరర్. సున్న.

జమున యైటింక్లైన్ కాలనీ పిల్ల. తండ్రి పోశం బాయి కార్మికుడు, మార్చిలో రిటైరవుతాడు. అప్పుడు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి, ఇంటికి ఇక ఆమె జీతమే దిక్కు. కాంట్రాక్టు డిసెంబరుతో ముగుస్తుంది. ఇవన్నీ తెలిసి కూడా ఆమె క్లాసులో ఏం చేసేదంటే, ఇదిగో ఇలా చేసేది.

"మా బాపుకు మూడు షిఫ్టులు. ఫస్టు షిఫ్టు వారం పొద్దుగాల నాలుగింటికి లేస్తడు. సెకండ్ షిఫ్టు వారం తొమ్మిదింటికి. నైట్ షిఫ్టు వారం పగటీలి రెండింటికి. సగటు ఎంత?"

"తొమ్మిది!" గదంతా ఒకే గొంతు.

"మా మేనత్త ఊర్లకెళ్ళి మా ఇంటికి వచ్చింది. అన్న సగటున తొమ్మిదింటికి లేస్తడని నమ్మి, నైట్ షిఫ్టు వారంల సరిగ్గ తొమ్మిదింటికి తలుపు బాదింది. మా బాపుకు అప్పుడప్పుడే కన్నంటుకున్నది."

"లేచి ఏమన్నడు మేడం?" అన్నాడు నాలుగో బెంచీ భూపాల్.

"గది క్లాసుల చెప్పద్దు. గాని సగటుకూ, మా బాపు నిద్రకూ నడుమ ఎంత దూరం ఉన్నదో చూసిన్రా? ఆ దూరాన్ని కొలిచేదే విచలనం. ఇగ లెక్క చేద్దాం, పుస్తకాలు తీయుండ్రి."

తీసేవాళ్ళు. ఆ భూపాల్ కూడా తీసేవాడు. నిజానికి హాస్టలంతటికీ భూపాల్ మీద గౌరవం. ఏ క్లాసులోనైనా ముందు బెంచీలో ఒకరిద్దరు పొరపాటున వింటూ ఉంటే, రబ్బరు విసిరో, జోకు చెప్పో, వాళ్ళ చెవిని మళ్ళించే విద్య అతనిది. అతను జ్వరంతో పడుకున్న వారం బాయిలరు సగానికే నిండింది. అలాంటివాడు జమున క్లాసులో తన డ్యూటీ మరిచిపోయి నోరు తెరుచుకుని వినేవాడు. సదానందం తట్టతో వచ్చి, అన్ని బెంచీల కిందా వంగి చూసి, "మేడం, ఇయ్యాల గూడ ఉత్తదేనా?" అని ఉత్త తట్టతోనే పోయేవాడు.

డిసెంబరు రెండో వారంలో కామేశ్వరరావు ఆమెను పిలిపించాడు.

"కూర్చోమ్మా. టీ తాగుతావా? బోర్డు మీద నీ అంకె చూశావా?"

"చూసిన సార్. సున్న."

"సున్నా అంటే మాటలా? నా సర్వీసులో నీళ్ళు నిండిన గని కూడా సున్నా చూపించలేదు."

"పిల్లలు వింటున్నరు సార్. అందుకే పడ్తలేదు."

"వినడం మంచిదేనమ్మా, కాదనను. కానీ నీ పిల్లలు కూడా పొద్దున్నే వేణ్ణీళ్ళు పోసుకుంటున్నారుగా? అవి ఎవరి బొగ్గుతో కాగుతున్నాయి? విష్ణువర్ధన్ గారి బొగ్గుతో. ఆ పెద్దాయన అంత కష్టపడి విసిగిస్తుంటే, నీ క్లాసు ఊరికే స్నానం చేస్తోంది. న్యాయమేనా?"

లెక్కల్లో ఎక్కడ తప్పున్నా ఇట్టే పట్టేసే జమునకు ఈ లెక్కలో తప్పు దొరకలేదు. అందుకే ఇంకా బాధ కలిగింది.

"నెలాఖరుకి నేనే తనిఖీకి వస్తాను," అన్నాడు కామేశ్వరరావు, టీ ఆమె వైపు జరుపుతూ. "రెండు తట్టలు చాలమ్మా. రెండే. పడితే నీ రెన్యువల్ మీద అక్కడే సంతకం పెడతాను. పడకపోతే ఆ సెక్షన్ విష్ణువర్ధన్ గారికి అప్పజెప్పాలి. నాకూ మనసొప్పదు, కానీ బొగ్గు పడని చోట మనిషిని ఉంచడం మా పద్ధతి కాదు."

సంగతి మెస్సుకు పాకింది. సారలమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చి, రొట్టెల కోసం వరసలో నిలబడ్డ స్టాటిస్టిక్స్ పిల్లలను నిలదీసింది.

"ఏందిరా, గా పిల్ల నౌకరి తీస్తరా మీరు? ఒక్క గంట చెవులు మూసుకోనికి ఏం రోగం?"

"మాకు ఇనబుద్దయితున్నది అవ్వా, మేమేం జెయ్యాలె?" అన్నాడు భూపాల్. "ఆమెనే జరంత మంచిగ చెప్పుడు బంజెయ్యాలె."

మర్నాడు క్లాసు మొదలుకాకముందే భూపాల్ లేచి చేతులు జోడించాడు. "మేడం, మీకు దండం పెడత. జర బోరు కొట్టియ్యుండ్రి. మిగతాది మేం చూసుకుంటం."

జమున ప్రయత్నించింది. పిల్లల వైపు వీపు పెట్టి, గోడను చూస్తూ, లాగరిథమ్ పట్టిక చదవడం మొదలుపెట్టింది. అంతకన్నా ఎండిపోయినది ఆమెకు దొరకలేదు. "రెండుకు పాయింట్ మూడు సున్న ఒకటి సున్న. మూడుకు పాయింట్ నాలుగు ఏడు ఏడు ఒకటి. నాలుగుకు పాయింట్ ఆరు సున్న రెండు ఒకటి." పిల్లలు కిటికీల్లోంచి చూశారు, గోళ్ళు చూసుకున్నారు, ఆవలించడానికి చేతనైనంత కష్టపడ్డారు. గాలిలో మాటలు కొంచెం బూడిద రంగుకు తిరిగాయి కూడా. అంతలో మూడో బెంచీ మైత్రి చెయ్యెత్తింది.

"మేడం, రెండుకున్నది డబుల్ చేస్తె ఇంచుమించు నాలుగుది వస్తున్నది. ఎందుకట్ల?"

భూపాల్ తల పట్టుకున్నాడు. కానీ జమున అప్పటికే వెనక్కి తిరిగింది. ఆమె కళ్ళలో వెలుగు చూసి పిల్లలంతా ముందుకు వంగారు. గంట మోగేసరికి నల్లబల్ల నిండిపోయింది. కింద నేల అద్దంలా ఉంది.

తర్వాతి వారం పిల్లలు చెవుల్లో దూది పెట్టుకుని వచ్చారు. జమున చేతులు తిప్పుతూ చెప్పింది చూసే అర్థం చేసుకున్నారు. దూది కూడా దండగైంది. చివరికి భూపాల్ పక్క గదిలోంచి బ్యాగు నిండా బొగ్గు మోసుకొచ్చి తమ బెంచీల కింద పోశాడు. సదానందం వచ్చి ఒక పెళ్ళ ఎత్తి, వేళ్ళతో నలిపి చూశాడు.

"భూపాలూ, ఇది విష్ణువర్ధన్ సార్ బొగ్గురా. ముట్టుకుంటెనే బూడిదైతున్నది."

"కాకా, రాస్కోరాదే. మేడం నౌకరి పోతది."

"రాస్తె నా నౌకరి పోతది. ఏడికెళ్ళి తెచ్చినవో ఆడ్నే పోసిరా, జల్ది."

ఆ సాయంత్రం జమున ఇంట్లో సంగతంతా చెప్పింది. పోశం పక్కన కూర్చుని అంతా విన్నాడు. ఆయన ఎవరు చెప్పినా చివరిదాకా వినేవాడు. కూతురికీ ఆ గుణమే వచ్చింది. అమ్మలక్కల ముచ్చట్ల దగ్గర్నుంచి బ్యాంకువాళ్ళ ఫోనుదాకా, మధ్యలో ఎవరినీ వదిలేసి ఎరగదు జమున.

"బొగ్గు పడుడు మన చేతుల లేదు బిడ్డా," అన్నాడు పోశం. "పొయ్యి నీ డ్యూటీ నువ్వు చెయ్యి. ఫికర్ చేస్తె పడ్తదా?"

తనిఖీ రోజు రానే వచ్చింది. కామేశ్వరరావు ముందు, సాక్షిగా విష్ణువర్ధన్ ఆయన వెనక, తట్టతో సదానందం వాళ్ళ వెనక. పెద్దవాళ్ళిద్దరికీ నల్లబల్ల పక్కన కుర్చీలు వేశారు. పిల్లలు తనిఖీ భయానికి రాయిలా బిగుసుకున్నారు. జమున తనకు చేతనైనంత చప్పగా పాఠం మొదలుపెట్టింది. ఒక్క పెళ్ళ పడలేదు. భయంతో మరీ శ్రద్ధగా విన్నారు వెధవలు.

కామేశ్వరరావుకు జాలేసింది. లేచి ఆమె భుజం తట్టాడు.

"నువ్వు కూర్చోమ్మా. పిల్లలకి అసలు విషయం తెలియక ఇలా చేస్తున్నారు. నేను రెండు ముక్కలు చెబుతాను."

జమున వెళ్ళి కిటికీ పక్కన, భూపాల్ ముందు బెంచీలో కూర్చుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ప్రియమైన విద్యార్థులారా! సంక్షేమం, విద్య ఒకే నాణేనికి రెండు పార్శ్వాలు కాగా, ఈ రెంటి సమన్వయంలోనే సర్వతోముఖాభివృద్ధి అనేది ఇమిడి ఉన్నది అనే వాస్తవాన్ని మనం గుర్తెరగవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది..."

రెండో వాక్యానికి పిల్లల భయం పోయింది. మూడో వాక్యానికి పిల్లలే పోయారు. మనుషులు బెంచీల మీదే ఉన్నారు, మనసులు ఎవరి ఊళ్ళకు వాళ్ళవి బస్సెక్కాయి. విష్ణువర్ధన్ గురక సన్నగా, తోటి కళాకారుడికి ఇచ్చే శ్రుతిలా సాగింది. కామేశ్వరరావు దార్శనికత దగ్గరికి వచ్చాడు. భాగస్వామ్యం దగ్గరికి వచ్చాడు. అయినా నేల మీద ఏమీ లేదు.

భూపాల్‌కు అనుమానం వచ్చింది. గదంతా ఒకసారి కలియజూశాడు. ఇంతమందిలో ఎవరో ఒకరు వింటున్నారు. రబ్బరు చేతిలోకి తీసుకుని ముఖం ముఖం వెతికాడు. చివరికి తన ముందు బెంచీలో, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ప్రతి వాక్యానికీ మర్యాదగా తలూపుతున్న జమున కనిపించింది.

ముందుకు వంగి గుసగుసలాడాడు. "మేడం... మీరొక్కలే ఇంటున్నరు."

ఆమె ఉలిక్కిపడింది.

"బంద్ చేయుండ్రి మేడం. మీకు పుణ్యముంటది."

"పెద్దాయన చెప్తుంటె ఎట్ల రా?" అంది ఆమె పెదవి కదపకుండా.

"కిటికీల చూడుండ్రి."

ఒక మనిషి నిలబడి మాట్లాడుతుంటే వినకుండా ఉండటం ఆమె జీవితంలో చేయని పని. మొదటిసారి తల తిప్పితే మెడ పట్టేసినట్టైంది. బయట కరెంటు ప్లాంటు వైపు బొగ్గు రైలు పోతోంది. ఒక్కో పెట్టెలో ఎన్ని టన్నులుంటాయి? కొన్ని పొంగి ఉన్నాయి, కొన్ని వెలితిగా ఉన్నాయి. సగటు తీయాలంటే అన్నీ తూచనక్కరలేదు, నమూనాగా కొన్ని చాలు. ఏవి ఎంచాలి? ముందున్నవే తీసుకుంటే తప్పు. ప్రతి ఏడో పెట్టె తీసుకుంటే? రేపు పిల్లలకు ఇదే చెప్పొచ్చు. కంపెనీ రైలు, ఏడో పెట్టె...

'పరస్పర సహకారం' మొదటి పెళ్ళై టప్పున రాలింది.

తర్వాత 'కార్యాచరణ ప్రణాళిక' వచ్చిపడింది, కొబ్బరికాయంత. 'బహుముఖీన దృక్పథం' రెండు ముక్కలై పడింది. ఆపై వడగళ్ళే. కామేశ్వరరావు కళ్ళు అరమోడ్చి, చెయ్యెత్తి, తన్మయత్వంలో ఉన్నాడు. బెంచీల కింద నిండి, నడవాలో నిండి, బొగ్గు నల్లబల్ల గోడదాకా పేరుకుంది. పిల్లలు చప్పుడు కాకుండా బెంచీలెక్కి నిలబడ్డారు. దుమ్ము గొంతుకు అడ్డుపడి దగ్గు వస్తే తప్ప ఆయన ఆగలేదు.

కళ్ళు తెరిచాడు. మోకాళ్ళదాకా బొగ్గులో ఉన్నాడు.

జమున లేచి నిలబడి తల దించుకుంది. విష్ణువర్ధన్ మేలుకుని, కుర్చీతో సహా కూరుకుపోయిన తనను చూసుకున్నాడు.

"సదానందం, ఎంత ఉంటుంది?" అన్నాడు కామేశ్వరరావు.

"తట్టలల్ల చెప్పాలెనా సార్, ట్రాక్టర్లల్లనా?"

ఆయన నవ్వలేదు. సదానందం తన చెవి మీది పెన్సిలు తీశాడు. "ఎవల పేరు మీద రాయాలె సార్?"

నలభై ఏళ్ళ సర్వీసులో కామేశ్వరరావు ఒక్కనాడూ ఉత్పత్తి లెక్క తప్పు రాయించలేదు. ఆ మాట ఆయన ఇక్కడి ప్రతి సభలోనూ చెప్పుకునేవాడు. ఆ సభల్లో నేల మీదికి చూడాలని ఎప్పుడూ తోచలేదంతే. వంగి ఒక పెళ్ళ తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. బెంచీల మీది పిల్లలను చూశాడు. తర్వాత జమునను చూశాడు.

"సార్," అన్నాడు విష్ణువర్ధన్, వృత్తిధర్మం ఊరుకోనివ్వక, "ఇది లెక్కల బొగ్గులా లేదండీ."

"మరి ఎవరి బొగ్గులా ఉందండీ?"

విష్ణువర్ధన్ పెళ్ళ వైపు చూశాడు. డైరెక్టరు ముఖం వైపు చూశాడు. "లెక్కలదే సార్," అన్నాడు.

"పీరియడ్ ఎవరిది సదానందం?"

"జమున మేడంది సార్."

"గది ఎవరిది?"

"అది గూడ జమున మేడందే."

"ఇంకా అడుగుతావేం? ఆవిడ పేరే రాయి."

రెన్యువల్ కాగితం మీద అక్కడే, బెంచీ మీద పెట్టి, సంతకం చేశాడు. మూడేళ్ళకు. సంతకం పక్కన నల్లటి బొటనవేలి ముద్ర కూడా పడింది. ఆఫీసువాళ్ళు దాన్నీ స్టాంపే అనుకున్నారు. ఆ బొగ్గుతో హాస్టల్లో జనవరంతా నీళ్ళు కాగాయి. అంత మంట చరిత్ర బొగ్గుకు కూడా లేదని సారలమ్మ మెచ్చుకుంది.

జనవరి నెలాఖరుకు కామేశ్వరరావు మళ్ళీ తనిఖీకి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. భూపాల్ పరుగెత్తుకెళ్ళి కుర్చీ తెచ్చాడు, జమున తనంతట తానే వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. ఆయన పావుగంట మాట్లాడాడు. ఈసారి మధ్య మధ్య నేల వైపు చూసుకుంటూ మాట్లాడాడు. నెలకు సరిపడా పడ్డాక ఆపేశాడు.

అందరూ ఆయన వెళ్ళడం కోసం లేచి నిలబడ్డారు. ఆయన గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. బొగ్గు తొక్కుకుంటూ వెనక్కి వచ్చి, నాలుగో బెంచీ దగ్గర నిలబడ్డాడు.

"కొంచెం జరుగు బాబూ," అన్నాడు భూపాల్‌తో.

భూపాల్ జరిగాడు. పెద్దాయన మోకాళ్ళు మడిచి ఆ ఇరుకులో కూర్చుని, చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు.

"చెప్పమ్మా," అన్నాడు.

జమున చెప్పింది. ఆ గంటలో ఆ గదిలో ఒక్క పెళ్ళ కూడా రాలలేదు.